గొలుసు ప్రార్థనలో బయటపడ్డ సంతకం

పోయినవారం మనం హెప్సిబాని చేలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, మోకాళ్ళదాకా బురదలో, చేతిలో ఒక ఎర్ర జెండా పట్టుకుని నిలబడింది. ఆ జెండా గ్యాసు కంపెనీవాళ్ళు పాతింది. ఉంగుటూరు దాటాక కాలవ గట్టు పట్టుకుని వెళితే వచ్చే కొత్తపేటలో, వాళ్ళ నాన్న ఇస్సాకు పేరు మీదున్న ఎకరం పట్టా భూమికి నడిమధ్యన, పొట్టకొచ్చిన రెండో పంట, దాళ్వా వరిలో పాతారు. "ఎవరిని అడిగి పాతారండి?" అని ఆవిడ నిలదీస్తే, కంపెనీ తరఫున వచ్చిన కుర్రాఫీసరు ఫిన్నీ ఎంతో మర్యాదగా, "మీ ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాకే పాతామండి" అన్నాడు. ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు. అది బయటపెట్టకూడదని కంపెనీ రూలట. సోమవారం మిషన్లు దిగుతాయని చెప్పి, జీపెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాడు.

ఈ వారంలో నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ఏసుకుమార్‌ని దోషిగా తేల్చేశాయి. హెప్సిబా తమ్ముడు ఏసుకుమార్ ఈమధ్యే కొత్త మోటారు సైకిలు కొన్నాడు కాబట్టి సంతకం అతనే పెట్టి ఉంటాడని వాళ్ళ వాదన. కైకలూరు నించి ఒక పాఠకురాలు, ఆ బండిదీ కంపెనీ జీపుదీ ఒకటే రంగని రాశారు. రంగు సంగతి నేనెక్కడా రాయలేదు. రాసేవాళ్ళకంటే చదివేవాళ్ళు ఎప్పుడూ ఒక అడుగు ముందుంటారు, అది ఏ దారిలో అన్నది వేరే సంగతి.

సరే, హెప్సిబా ఏం చేసిందో చూద్దాం.

ఆవిడ నోటికి చుట్టుపక్కల మంచి పేరే ఉంది. పోయిన ఏడాది విత్తనాల కంపెనీవాళ్ళు జన్యువు మార్చిన వంకాయ నారు పట్టుకొచ్చి, "మీ గట్టు పక్కన ఊరికే నాటి పెడతామండి, పురుగన్నదే రాదండి" అన్నప్పుడు, ఆవిడ గొంతు పెంచకుండా, "మీ పెరట్లో నాటి మీ పిల్లలకి వండిపెట్టండి. వాళ్ళు పెద్దయ్యాక రండి, మాట్లాడుకుందాం" అని పంపించింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. కాని పైవాళ్ళ మీద పనిచేసిన ఆ నోరు ఇంట్లో పనిచెయ్యలేదు. నాన్నని అడిగితే, "కంటాపరేషనయినవాణ్ణి, నాకు సంతకాలేంటమ్మా" అన్నాడు. తమ్ముణ్ణి అడిగితే అలిగి బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. మొగుడు ఇమ్మానుయేలుని అడిగితే, "నీకు తెలియకుండా నేను టీ చుక్కయినా తాగానా?" అని ఎదురు అడిగాడు. అది నిజమే, ఇమ్మానుయేలు అంత నెమ్మదస్తుడు ఆ పేటలో లేడు.

గోదావరి అవతల హెప్సిబా మేనత్త వాళ్ళ ఊళ్ళో ఏదో కంపెనీ ఇలాగే వచ్చి తవ్వింది. గ్యాసు పడలేదని ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయింది. వెళ్తూ కంకరా, బురద గుంటలూ మాత్రం వదిలేసింది. ఆ చేలో ఇప్పటికీ గడ్డి కూడా సరిగ్గా మొలవదు. హెప్సిబా అది కళ్ళారా చూసి వచ్చింది. అందుకే ఆవిడకి భయం. ఉన్నది ఒకే ఒక్క ఎకరం, అందులో కంకర పోస్తే మళ్ళీ వరి పండుతుందని ఎవరూ ఆవిడకి మాటివ్వలేరు.

అడిగితే చెప్పనివాళ్ళ చేత చెప్పించే ఉపాయం ఒకటి ఆవిడకి శుక్రవారం పొద్దున అంట్లు తోముతుంటే తట్టింది. గొలుసు ప్రార్థన.

కొత్తపేట సంగతి తెలియనివాళ్ళ కోసం ఇక్కడ కొంచెం ఆగాలి. గొలుసు ప్రార్థనంటే అందరూ గుండ్రంగా కూచుంటారు. కళ్ళు మూసుకుంటారు. ఒకరు పైకే ప్రార్థన చేసి, ఆమెన్ అని, పక్కవాళ్ళ భుజం మీద చెయ్యి వేస్తారు. అప్పుడు వాళ్ళు మొదలుపెట్టాలి. అలా చుట్టూ తిరిగి వచ్చేదాకా కళ్ళు తెరవకూడదు, లేవకూడదు, ఒకరి ప్రార్థన మధ్యలో ఇంకొకరు మాట్లాడకూడదు. నా వంతు వద్దు అనడానికి లేదు. గొలుసు తెగితే ఆ ఇంటికి మంచిది కాదని పట్టింపు.

ఇంతవరకూ భక్తి. ఇక అసలు సంగతి ఏమిటంటే, కొత్తపేటలో ఏ వార్త అయినా ముందు తెలిసేది ప్రార్థనలోనే. పొరుగింటి గొడవ గురించి ఊరికే మాట్లాడితే చాడీలు చెప్పినట్టవుతుంది. "ప్రభువా, ఫలానావారి కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళిన సంగతి నీకు తెలుసు" అంటే విజ్ఞాపన అవుతుంది. ఆయనకి తెలుసని చెబుతూనే పేటంతటికీ తెలియజేస్తారు. పైగా కళ్ళు మూసుకుని, ఆయనతో మాట్లాడుతూ అబద్ధం ఆడే ధైర్యం ఆ పేటలో ఎవరికీ లేదు. హెప్సిబా లెక్క అదే.

నెపం సిద్ధంగానే ఉంది. ఏలూరులో నాన్నకి కంటాపరేషను బాగా జరిగినందుకు కృతజ్ఞత కూడిక. కొత్త కళ్ళతో ఆయన ముందుగా చూడాల్సింది చేనే కదా, అందుకని చేను పక్కనే కాలవ గట్టు మీద. ఫిన్నీకి ఫోను చేసి, "శనివారం పొద్దున్న కూడిక పెట్టుకున్నామండి. మీరూ ఒక పాస్టరు గారబ్బాయని విన్నాను. ఒక్క మాట ప్రార్థన చేసి వెళ్దురుగాని" అంది. పాస్టరు గారి కొడుకు కూడికకి రానని ఎలా అంటాడు? అతను గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందు వచ్చాడు.

శనివారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నాలుగు వెదుళ్ళు పాతి పైన టార్పాలిన్ కట్టారు. కింద చాపలు. కొత్తపేట పాస్టరు గారు ఏలూరు వెళ్ళారని పాస్టరమ్మ క్రిస్టినా వచ్చింది. ఇది హెప్సిబాకి ఇంకా మంచిదయింది. పాస్టరు గారు మెత్తని మనిషి. పాస్టరమ్మ ఉన్నచోట ఈగ కూడా వరస తప్పి ఎగరదు. ఇస్సాకు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దర్జాగా కూచున్నాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడో తెరిచాడో కనిపెట్టడం పాస్టరమ్మ వల్ల కూడా కాలేదు.

ఇమ్మానుయేలు మాత్రం తూము దగ్గర నీళ్ళు చూసి వస్తానన్నాడు.

"నీళ్ళు ఎక్కడికీ పోవు, కూచోండి" అంది హెప్సిబా.

"కూడికయ్యాక అందరికీ ఇడ్లీలు అన్నావు కదా, హోటలు దాకా వెళ్ళి తెస్తాను."

"తెప్పించానండి. కూచోండి."

ఇమ్మానుయేలు కూచున్నాడు. ఎప్పుడూ ముందు వరసలో కూచుని ముందుగా ప్రార్థన అందుకునే మనిషి, ఆ రోజు వెతుక్కుని అందరికంటే చివర, హెప్సిబాకి ఎడమ పక్కన చేరాడు.

పాస్టరమ్మ ఒక పాట పాడించి, "అందరం కళ్ళు మూసుకుందాం. యేసమ్మగారూ, మీరు మొదలుపెట్టండి. పాయింటు మీద చెయ్యండి" అంది.

పేటలో పెద్దావిడ యేసమ్మకి పాయింటు మీద ప్రార్థన చెయ్యడం పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఇస్సాకు కళ్ళతో మొదలుపెట్టి తన మోకాళ్ళకి వచ్చింది. అక్కణ్ణించి కొల్లేటి వైపు వెళ్ళింది. "ప్రభువా, నా కొడుకు కైకలూరు చేపల చెరువుల మీద కాపలాకి ఉన్నాడు. కోడలు ఇక్కడుంది. దూరాన ఉన్నారు కదా, పోట్లాడుకోరని నేను సంతోషించాను. ఇప్పుడు ఫోన్లో పోట్లాడుకుంటున్నారు. ఆ సెల్లుఫోను కనిపెట్టినవాడి మనసు మార్చు తండ్రీ" అంది. ఆమె పక్కన ఎవరో తుమ్మినట్టు నవ్వారు. పాస్టరమ్మ గాజులు గలగలమన్నాయి. అంటే హెచ్చరిక అన్నమాట.

యేసమ్మ చెయ్యి ఏసుకుమార్ భుజం మీద పడింది.

ఏసుకుమార్ వారం రోజుల కోపమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. "ప్రేమగల తండ్రీ, మా నాన్నకి చూపిచ్చినందుకు వందనాలు. మా అక్కకి కూడా కొంచెం చూపియ్యి. నేను బండి ఎలా కొన్నానో నీకు తెలుసు. గూడెంలో ఫైనాన్సు షాపువాడు నా చేత ఎన్ని చోట్ల సంతకాలు పెట్టించాడో తెలుసు. ఆ సంతకాలు తప్ప ఈ జన్మలో నేనింకో సంతకం పెట్టలేదని మా అక్క హృదయంలో నువ్వే మాట్లాడు. నేను మాట్లాడితే వినదు. యేసు నామంలో, ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. అందులో హెప్సిబా గొంతు ఉందో లేదో చెప్పడం కష్టం. తమ్ముడు కళ్ళు మూసుకుని అబద్ధమాడడని ఆవిడకి తెలుసు. కాబట్టి వాడు కాదు. ఏసుకుమార్‌ని దోషి అన్న పాఠకులు అతనికి క్షమాపణ చెప్పుకోవలసిందని మనవి, ముఖ్యంగా కైకలూరు ఆవిడ.

తరవాత వంతు ఫిన్నీది.

ఇక్కడ ఫిన్నీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. అతను చెడ్డవాడు కాదు. కొత్తగా వచ్చిన ఉద్యోగం, మెళ్ళో కంపెనీ కార్డు, ఊళ్ళో వాళ్ళతో మంచిగా మాట్లాడి ఒప్పించడం అతని పని. ఆ పనికి పాస్టరు గారబ్బాయి బాగుంటాడని కంపెనీలో ఎవరో తెలివైనవాళ్ళకి తోచింది. కాని వాళ్ళ తెలివి ఒకచోట చాల్లేదు. ఫిన్నీకి వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడే ప్రార్థన నేర్పారు, గట్టిగా నేర్పారు. "పేర్లు చెప్పి ప్రార్థన చెయ్యాలిరా. పైనున్న ఆయన ఎంతమంది పేరులేనివాళ్ళ గురించి వింటారు?" అనేవారట. కంపెనీ రూలు అతనికి తెలిసి ఏడాది కాలేదు. ఆ అలవాటు మాత్రం మాటలు వచ్చినప్పటి నించీ ఉంది. కళ్ళు మూసుకోగానే రూలు వెనక్కిపోయి అలవాటు ముందుకొచ్చింది.

"మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ, ఈ ఉదయకాల సమయమందు నీ సన్నిధిలో చేరిన నీ బిడ్డలను బట్టి నీకు స్తోత్రములు." గొంతు చక్కగా ఉంది. పాస్టరమ్మ తల మెచ్చుకోలుగా ఊగింది. "వృద్ధుడైన నీ దాసుడు ఇస్సాకు గారికి చూపు దయచేసినందుకు వందనములు. ఆయన హృదయము ఎంతో విశాలమైనది తండ్రీ. మొన్న ఆదివారము ఆరాధన తరవాత నేను ఆయన యింటికి వెళ్ళి అడిగినప్పుడు, ఏ ఆటంకమూ చెప్పక, సంతోషముగా తన చేతితో..."

అక్కడ ఆగిపోయాడు.

కాలవలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎక్కడో ట్రాక్టరు పోతోంది. ఒక్కళ్ళూ కదల్లేదు. ప్రార్థనలో ఆగిపోతే ఆత్మ ప్రేరణ కోసం ఎదురుచూస్తున్నాడని అనుకోవడం అక్కడి మర్యాద. కాని ఎంతసేపని ఎదురుచూస్తాం? యేసమ్మ ఉండబట్టలేక, "తన చేతితో... అవును ప్రభువా" అని అందించింది.

"...తన చేతితో సంతకము చేసిన సంగతి నీవెరుగుదువు" అని పూర్తి చేశాడు ఫిన్నీ. చెవులు ఎర్రబడ్డాయి. ఎలాగూ పడ్డాను కదా అనుకున్నాడేమో, మిగతాది కూడా చెప్పేశాడు. "తవ్వబోయే ఆ గ్యాసు బావికి 'ఇస్సాకు ఒకటి' అని పేరు పెట్టించాలని నేను పై ఆఫీసరులకు చేసిన మనవిని సఫలము చేయుము. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము, ఆమెన్."

ఆమెన్ అనడానికి కొంచెం వ్యవధి పట్టింది. పెద్దాయనకి ఆదివారం బళ్ళో పేరు పెట్టినప్పటి నించీ, బైబిల్లో ఇస్సాకు వెళ్ళిన చోటల్లా బావులు తవ్వించాడు కనక ఆ పేరుగలవాళ్ళకి బావులు తవ్వే గీత ఉంటుందని జనం హాస్యమాడుతూనే ఉన్నారు. ఆ హాస్యాన్నే ఈ కుర్రాడు వాడుకున్నాడని పాస్టరమ్మకి కూడా అర్థమయింది.

హెప్సిబాకి మాత్రం ఒక్కసారి ఒళ్ళంతా మండింది. తమ్ముడు కాదు. ఏ ఎకరం గురించయితే వారం రోజుల నించి ఆవిడకి అన్నం సయించడం లేదో, ఆ ఎకరం పట్టాదారే దాన్ని చేతులారా ఇచ్చేశాడు. ఇచ్చి, "నాకు సంతకాలేంటమ్మా" అన్నాడు. ఆవిడకి అప్పటికప్పుడు లేచి అడగాలనుంది. లేవడానికి వీల్లేదు. నోరు తెరవడానికి వీల్లేదు. తాను పన్నిన వల ముందు తన నోటికే తగులుకుంది.

ఫిన్నీ చెయ్యి ఇస్సాకు భుజం మీద ఆనింది.

నల్లద్దాల వెనక ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాయని నేను హామీ ఇవ్వగలను, ఎందుకంటే అద్దాల కింద నించి బుగ్గ మీదికి తడి దిగింది. ఆపరేషనయిన కన్ను తడవకూడదని డాక్టరు గారు చెప్పారు. పక్కన కూచున్న కూతురు అది చూళ్ళేదు, ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునుంది.

"తండ్రీ, ఆ బాబు చెప్పింది నిజమే" అన్నాడు ఇస్సాకు. "పెట్టాను. అమ్మాయికి భయపడి లేదన్నాను. బావికి నా పేరంటే సంతోషించాను కూడా. నా పేరు పట్టా కాయితం మీదా, రేషను కార్డు మీదా తప్ప ఎక్కడా లేదు. ఆ కార్డూ ఎలకలు కొట్టేశాయి."

నవ్వాలో వద్దో తెలియక జనం ఊపిరి బిగబట్టారు.

"కాని పేరు కోసం పెట్టలేదు ప్రభువా. నీ దగ్గర దాపరికమెందుకు. ఆ రోజు ఈ బాబు వచ్చి, నేను అరుగు మీదుంటే తను కింద మెట్టు మీద కూచున్నాడు. 'ఇస్సాకు గారూ, మీ భూమిలో మేం పని చేసుకోవాలండి, మీ అనుమతి కావాలండి' అన్నాడు. నన్నెవరూ ఎప్పుడూ దేనికీ అనుమతి అడగలేదు తండ్రీ. కాలవ వెడల్పు చేసినప్పుడు మా అయ్య పాక పీకేశారు, అడగలేదు. పట్టా ఇచ్చినప్పుడు మెరకలో కావాలా పల్లంలో కావాలా అని అడగలేదు, నీళ్ళు నిలిచే చోట కొలిచేసి చేతులు దులుపుకున్నారు. నేనూ మా ముసల్దీ తట్టలతో మన్ను మోసి మోసి దాన్ని చేను చేశాం. రోడ్డేసినప్పుడు ఇటుపక్క ఇంత కోసుకున్నారు, అడగలేదు. ఆసుపత్రిలో డాక్టరు గారు కూడా ముందు ఏ కంటికి చెయ్యాలో అమ్మాయినే అడిగారు."

పాస్టరమ్మ గాజులు ఈసారి గలగలమనలేదు.

"ఇన్నాళ్ళకి ఒకళ్ళు వచ్చి నన్నే అడిగారు. అడిగినవాళ్ళని కాదనడం నాకు చాతకాలేదు. కాదంటే మళ్ళీ ఎవరూ అడగరేమో అనిపించింది. అంతే తండ్రీ. ఆమెన్."

ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి కూతురి భుజం మీద పడింది. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. తట్టలు మోసిన చెయ్యి.

హెప్సిబా నిజానికి వారం రోజులుగా ఒక ప్రార్థన తయారుచేసుకుని ఉంచింది. దోషి ఎవరైనా సరే వాళ్ళ నెత్తిన పడేట్టు, శాపానికి ఒక్క మెట్టు కింద ఉండేట్టు కట్టుకుంది. అది ఇప్పుడు గొంతులోకి రాలేదు. ఏడుపు వచ్చింది. ఆవిడ ఏడుపుని దాచుకోలేదు, ప్రార్థనలో ఏడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

"ప్రభువా," అంది చివరికి, "నేను అరవాలని కూడబెట్టుకున్న మాటలన్నీ నీకు తెలుసు. అవి అక్కర్లేదు, తీసేసుకో. మా నాన్నని నేను కూడా అడగలేదు. ఈ దాళ్వాకి ఏ వరి వెయ్యాలో మేమే చూసుకున్నాం, పెద్దాయనకి ఎందుకులే అనుకున్నాం. ఆయన చేనే అది. నన్ను క్షమించు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. గొంతు కొంచెం కొంచెంగా మన హెప్సిబా గొంతయింది. "కాని ఆయనకి ఒక్క సంగతి నువ్వే నచ్చచెప్పు తండ్రీ. అడిగారంటే కాదనచ్చని అర్థం. కాదనే వీలు లేకపోతే అది అడగడం కాదు, చెప్పడం. కాదంటే మళ్ళీ అడగరేమో అని భయపెట్టేవాళ్ళు అసలు అడిగినట్టే కాదు. అడిగింది నిజంగా అడగడమే అయితే, వాళ్ళని ఇంకోసారి అడగమను. ఇప్పుడే అడగమను. ఆయన ఏమంటే అది నేను వింటాను. సరేనంటే నేనే వెళ్ళి వరి కోసి చోటిస్తాను."

ఆమెన్ అనలేదు. ప్రార్థనని తలుపు తెరిచి పెట్టినట్టు అలాగే వదిలేసి ఊరుకుంది.

అప్పుడు గొలుసు ప్రార్థనల చరిత్రలో ఎన్నడూ జరగనిది జరిగింది. వంతు అయిపోయినవాడు మళ్ళీ మాట్లాడాడు. కళ్ళు తెరవలేదు, అంతవరకు మర్యాద తప్పలేదు. "ఇస్సాకు గారూ," అన్నాడు ఫిన్నీ చాలా మెల్లిగా, "మీ చేలో మేం తవ్వుకోవడం మీకు ఇష్టమేనా అండి?"

పాస్టరమ్మ దగ్గింది. తరవాత ఎందుకో ఊరుకుంది.

ఇస్సాకు నోట్లో ఏదో నానుతున్నట్టు కొంతసేపు పెదాలు కదిపాడు. "ఇష్టం లేదండి" అన్నాడు.

ఆకాశం విరిగి పడలేదు. ఎవరూ ఆయన్ని కసరలేదు. ఆయనకి ఆ మాట రుచి నచ్చినట్టుంది.

"ఇంకోసారి అడగండి బాబూ" అన్నాడు.

"మీ చేలో తవ్వుకోవచ్చా అండి?"

"కుదరదండి. వేరే ఎక్కడన్నా చూసుకోండి. మా చేలో వరి ఉంది." తిరిగి ఆయనే, "కోపం వచ్చిందా అండి?" అని అడిగాడు.

"లేదండి" అన్నాడు ఫిన్నీ. నిజంగానే రాలేదు. పాపం ఆ కుర్రాడికి కూడా ఏడుపే వస్తోంది. యేసమ్మ గట్టిగా స్తోత్రం అంది. ఏసుకుమార్ ముక్కు చీదాడు. హెప్సిబా చేతులు చాచి కళ్ళు మూసుకునే నాన్న తల వెతికి నిమిరింది. ఇక్కడితో ఈ భాగం ఆపేస్తే అందరం సుఖంగా ఇడ్లీలు తినచ్చు.

కాని ఫిన్నీ నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేని మనిషి.

"మీరు కాదన్నారని నేను ఆఫీసులో చెబుతానండి. మీ సంతకం తీసేయిస్తాను, నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. "కానండీ, అంతటితో సోమవారం మిషన్లు ఆగవండి. మీది రెండో సంతకం. పట్టా ఎవరిదైనా, చేను సాగు చేసేవారు ముందు ఒప్పుకోవాలని మా దగ్గర పద్ధతి. వారు మీకంటే ముందే ఒప్పుకున్నారండి. మా ఆఫీసుకి వారే స్వయంగా వచ్చారు. మేం పిలవలేదు కూడానండి."

చాపల మీద ఎవరూ కళ్ళు తెరవలేదు. అవసరం లేకపోయింది. ఆ చేను ఎవరు దున్నుతున్నారో, ఎవరు నీరు పెడుతున్నారో కొత్తపేటలో పసిపిల్లలకి కూడా తెలుసు.

హెప్సిబా ఎడమ పక్కన చాప కొద్దిగా కదిలిన చప్పుడయింది.

"ఎవరూ లేవకూడదు" అంది పాస్టరమ్మ. ఆవిడ కూడా కళ్ళు మూసుకునే ఉంది, కాని ఎటువైపు చెప్పాలో ఆవిడకి తెలుసు. "గొలుసు ఇంకా పూర్తి కాలేదు. హెప్సిబా, నీది ముగించమ్మా."

"ఆమెన్" అంది హెప్సిబా. ఏడుపు ఆరిపోయి గొంతు పొడిగా ఉంది. ఎడమ చెయ్యి ఎత్తి, పక్కనున్న భుజం వెతికి, దాని మీద వేసింది. తీయలేదు.

ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. మందిరంలో మైకు అక్కర్లేకుండా గంటసేపు ప్రార్థన చెయ్యగల ఇమ్మానుయేలు గొంతు చీమ నడిచినట్టు వచ్చింది.

"ప్రభువా, ముందుగా నా భార్య కోపాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను. నువ్వు పట్టుకున్నానని చెబితే, నేను ఎందుకు వెళ్ళానో అప్పుడు చెబుతాను."